పని ఇవ్వకపోవడం ఎప్పుడు నేరం? పేరాల యజమానులు తెలుసుకోవాల్సిన చట్టం

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. బట్టల వ్యాపారంతో చిన్న బొంబాయి అనిపించుకున్న చీరాలలో, దాన్ని ఆనుకుని ఉన్న పేరాలలో మాస్టర్ వీవర్లకూ, దుకాణదారులకూ, హోటళ్లవాళ్లకూ ఆడిటర్ చెప్పే జాబితాలో పీఎఫ్, ఈఎస్ఐ, కనీస వేతనం ఉంటాయి. కులం ఉండదు. అందుకు కారణం కొంత కోడ్‌లలోనే ఉంది.

వేతనాల కోడ్ మూడో సెక్షన్ నియామకాల్లో, వేతనాల్లో వివక్షను నిషేధిస్తుంది. అయితే లింగ వివక్షను మాత్రమే. సామాజిక మూలాన్ని బట్టి ఉద్యోగంలో వివక్ష చూపకూడదనే ఐఎల్ఓ 111వ ఒప్పందాన్ని భారతదేశం 1960లోనే ఆమోదించింది. దాదాపు అరవై ఏళ్లకు, 2019లో చేసిన చట్టంలో కులం అనే మాటకు చోటు దొరకలేదు. ఇది మరుపు అని నేననుకోను.

అంతమాత్రాన యజమాని ఏం చేసినా చెల్లదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం అంటరానితనం కారణంగా ఉద్యోగం, వృత్తి, వ్యాపారం చేయనివ్వకపోతే నెల నుంచి ఆరు నెలల జైలు. సరుకు అమ్మనన్న నేరం రుజువైతే దుకాణం లైసెన్స్ రద్దు చేయమని కోర్టు ఆదేశించవచ్చు. ఊడ్చే పని, పాకీ పని అంటరానితనం కారణంగా బలవంతంగా చేయిస్తే 7ఏ సెక్షన్ వర్తిస్తుంది. గుమాస్తాగా చేరిన మాదిగ కుర్రాడికే రోజూ మరుగుదొడ్డి కడిగే పని అంటగడితే, 'ఎవరో ఒకరు చేయాలిగా' అనే జవాబు చాలదు. బాధితుడు ఎస్సీ అయితే అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానే. (జరిమానా మాత్రం 1976 నుంచి వంద నుంచి ఐదు వందల రూపాయలే!)

ఇంకా బలమైనది అట్రాసిటీ చట్టం. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను నేరం చేసింది. బెదిరించినా నేరమే. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. ఆర్థిక బహిష్కరణ అంటే కూలికి పెట్టుకోకపోవడం, లావాదేవీలు మానేయడం, కాంట్రాక్టులు దక్కనివ్వకపోవడం. ఈ నిర్వచనం వెనక మన జిల్లా చరిత్ర ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపాక, ప్రాణాలతో మిగిలినవాళ్లు చీరాలకు వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వాళ్లకు పని ఇచ్చిన పొలాలు చంపినవాళ్లవే. చుండూరులో 1991 ఆగస్టు 6 హత్యాకాండకు ముందు దళితులను పనుల్లోకి పిలవకుండా వెలివేశారు. రెండు ఊళ్లూ ఇప్పుడు బాపట్ల జిల్లాలోనివే.

అలాగని ఎస్సీ కార్మికుణ్ణి మాన్పించిన ప్రతిసారీ కేసు కాదు. సరిగా రావడం లేదని, సరుకు పాడు చేశాడని మాన్పిస్తే అది వేరే సంగతి. పేటలో గొడవైందని, ఆ పేటవాళ్లెవరినీ పెట్టుకోవద్దని నలుగురు వ్యాపారులు మాట్లాడుకుంటే అది బహిష్కరణే. 'మేం బీసీలం, మాకు వర్తించదు' అనే మాట కూడా తప్పు. ఎస్సీ, ఎస్టీ కాని ఎవరికైనా ఈ చట్టం వర్తిస్తుంది.

అడ్వాన్స్ సంగతి విడిగా చెప్పాలి. మగ్గం దగ్గరైనా, ఇటుక బట్టీ దగ్గరైనా అడ్వాన్స్ ఇవ్వడం నేరం కాదు. బాకీ తీరేదాకా ఇంకెక్కడా పని చేయకూడదంటే అది వెట్టి. 1976 చట్టం ప్రకారం ఆ బాకీ రద్దవుతుంది, యజమానికి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడే. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ కింద బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కార్మికుడు ఎస్సీ అయితే దీనికి అట్రాసిటీ చట్టం తోడవుతుంది.

కాబట్టి యజమాని చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఎవరికి ఏ పని, ఎంత కూలి, ఎంత అడ్వాన్స్ అన్నది కాగితం మీద పెట్టి ఒక ప్రతి కార్మికుడికి ఇవ్వాలి. నెల జీతం వచ్చే నెల ఏడో తేదీలోగా, మానేసినవాళ్ల బకాయి రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఇవ్వకపోతే కార్మికుడు మూడేళ్లలోపు కార్మిక శాఖలో క్లెయిమ్ వేసుకోవచ్చు. కుల వివక్షకైతే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి. అట్రాసిటీ చట్టం కింద ఎఫ్ఐఆర్ నమోదుకు ముందస్తు విచారణ అక్కర్లేదు, దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలి.