మూలనపడ్డ హెరాల్డు మళ్ళీ కదిలింది

భోగిమంటలో వెయ్యడానికి వీలుగాని పాత సామాను మా ఇంట్లో ఒకటే ఉండేది. పెరట్లో రేకుల షెడ్డు కింద ముప్ఫై మూడేళ్ళు కదలకుండా నిలబడ్డ నాన్నగారి కారు. దాని మీద టార్పాలిను, టార్పాలిను మీద మామిడాకులు, లోపల ఎలుకల సంసారం. "పాత ఇనుము వాడికి వేసేస్తే తులసికోటకి జాగా అయినా వస్తుంది" అని మా ఆవిడ ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అనడం, నేను వినిపించుకోనట్టు పేపరు తిరగెయ్యడం ఆనవాయితీ.

అది 1967 నాటి స్టాండర్డ్ హెరాల్డు. నాన్నగారు 1974లో సెకండ్ హ్యాండులో కొన్నారు. తిరుపతి మొక్కులకు, కాళహస్తిలో మేనత్తగారింటికి, పెళ్ళిళ్ళకు అదే మా రథం. 1989 మార్చిలో ఒక సాయంత్రం రైల్వే వంతెన దిగుతుండగా బ్రేకు పెడలు నేలకంటా దిగిపోయింది. నాన్నగారు హ్యాండ్ బ్రేకు లాగి, పక్క గోడకు ఆనించి బండి ఆపారు. ముందు సీట్లో కూర్చున్న మా తమ్ముడికి నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. వాడికప్పుడు పద్నాలుగేళ్ళు. కారును తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. ఆ తరువాత నాన్నగారు మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. కారును అమ్మెయ్యనూ లేదు. 1998లో ఆయన పోయారు.

మద్రాసులో పుట్టిన బండి

ఈ కారు ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డు అనే పేరుతో వచ్చింది. ఆకారం గీసినవాడు ఇటలీ దేశస్థుడు జియోవన్నీ మికెలోట్టి. 1961 నుంచి మద్రాసు శివార్లలో వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు దీన్ని తయారు చేశారు. ఆ రోజుల్లో మధ్యతరగతివాడు కారు కొనాలనుకుంటే ముఖ్యంగా మూడే పేర్లు వినిపించేవి: కలకత్తా అంబాసిడరు, బొంబాయి ఫియట్టు, మద్రాసు హెరాల్డు. 1960ల చివర మనవాళ్ళు దీన్ని నాలుగు తలుపులతో కూడా చేశారు. ఇంగ్లండులో సైతం నాలుగు తలుపుల హెరాల్డు అమ్మలేదు. తరువాత 1970లలో దీని స్థానంలో గెజెల్ వచ్చింది. 1988లో కార్ల తయారీయే ఆగిపోయింది.

ఇంట్లో బాగుచేసుకోవడానికి ఇంత అనువైన కారు మరొకటి లేదని నా అభిప్రాయం. బానెట్టు మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు వాలుతుంది. టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. కింద విడిగా చాసిస్ ఉంటుంది, దాని మీద బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసం 63 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 76 మిల్లీమీటర్లు. కామర్సు చదివినవాణ్ణి గనుక గుణించి చూసుకున్నాను. పుస్తకంలో రాసిన 948 సి.సి. సరిగ్గా వచ్చింది.

తమ్ముడి సంతకం

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని వింటేజి వాహనంగా నమోదు చేసుకోవచ్చు. పాత నంబరు ఉన్నవారు దాన్నే ఉంచుకోవచ్చు. కొత్తగా నమోదయ్యేవాటికి వి.ఏ. అనే అక్షరాలతో నంబరిస్తారు. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు, కిరాయికి తిప్పకూడదు.

ఆ వార్త చదవగానే షెడ్డులోకి వెళ్ళి టార్పాలిను ఎత్తి చూశాను. కాని ఆర్.సి. పుస్తకం ఇంకా నాన్నగారి పేరనే ఉంది. యజమాని పోయినప్పుడు పేరు మార్చుకోవడానికి ఫారం 31 నింపాలి, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అమ్మ, అక్కయ్య వెంటనే సంతకాలు చేశారు. తమ్ముడు మాత్రం కాగితం వెనక్కి తోశాడు.

"నా నుదురు చూసి మాట్లాడు అన్నయ్యా. ఆ బండి రోడ్డెక్కడం నాకిష్టం లేదు."

వాడు మెకానికల్ డిప్లొమా చేసి అంబత్తూరులో ముప్ఫై ఏళ్ళుగా మిషన్ల మధ్య ఉన్నవాడు. రెండు నెలల తరువాత తనే ఫోను చేశాడు. "సంతకం పెడతాను. బ్రేకుల పని మాత్రం నేనే చేస్తాను. అవి పడేదాకా ఇంజను స్టార్టు చెయ్యకూడదు" అన్నాడు. 2022 ఉగాది మరునాడు పని మొదలుపెట్టాం.

తొందర పడితే ఇంజను పోతుంది

ఇలాంటి బండికి బ్యాటరీ తగిలించి తాళం తిప్పాలని ఎవరికైనా ఆశ పుడుతుంది. అది చెయ్యకూడదు. తుప్పుతో పట్టేసిన పిస్టన్లు, రింగులు బలవంతంగా తిప్పితే విరుగుతాయి. మేము నాలుగు స్పార్కు ప్లగ్గులూ తీసి, ఆ రంధ్రాల్లో కాస్త ఆయిలు, కాస్త డీజిలు కలిపి పోసి పది రోజులు వదిలేశాం. తరువాత క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానరు తగిలించి మెల్లగా అటూ ఇటూ ఆడించాం. మూడో ఆదివారం కదిలింది.

విప్పిన ప్రతి వస్తువుకూ ఫొటో తీశాం. నట్లూ బోల్టులూ పాలిథీన్ సంచుల్లో వేసి, ఏ సంచి ఎక్కడిదో చీటీ రాసి కట్టాం. వోచరు లేనిదే ఖర్చు రాయకూడదన్న ఆఫీసు సూత్రం ఇక్కడ బాగా అక్కరకొచ్చింది. ఏడాది తరువాత బిగించేటప్పుడు జ్ఞాపకం పనికిరాదు, చీటీ పనికొస్తుంది.

పెట్రోలు ట్యాంకులో జిగురు పేరుకుంది. అతుకు వేయించాలంటే జాగ్రత్త. ఖాళీ ట్యాంకులోనూ పెట్రోలు ఆవిరి ఉంటుంది, మంట తగిలితే పేలుతుంది. బాగా కడిగించి, ఆవిరి పూర్తిగా పోగొట్టే పద్ధతి తెలిసినవారి చేతికే ఇవ్వాలి. ఎలుకలు కొరికిన వైరింగును అతుకులు పెట్టకుండా మొత్తం మార్చేశాం. పాత కార్లు తగలబడేది చాలావరకు వైర్ల వల్లా, చీలిన పెట్రోలు గొట్టాల వల్లా. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. పాతకాలపు రబ్బరును అది మెత్తబరుస్తుంది, ఉబ్బిస్తుంది. గొట్టాలూ, పంపు డయాఫ్రమూ దాన్ని తట్టుకునే రకం వేసుకోవాలి.

హెరాల్డు ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అనే కీలు ఉంటుంది. దానికి గ్రీజు కాదు, గేరు ఆయిలు పట్టించాలి. ఇది తెలియక గ్రీజు కొడితే మరలోకి తేమ చేరి తుప్పుపట్టి, ఒకనాడు చక్రం పక్కకు వాలిపోతుంది. టైర్ల మీద గీతలు బాగానే కనిపించినా వాటిని నమ్మకూడదు. రబ్బరు వయసుతోనే పగులుతుంది.

బాడీ విషయంలో దెబ్బతిన్నాం. ఒక వర్క్‌షాపులో గుమ్మం కింది రేకులు కొత్తవి వేశామని చెప్పి డబ్బు తీసుకున్నారు. తమ్ముడు అయస్కాంతం పెట్టి చూస్తే రెండు చోట్ల అతుక్కోలేదు. తుప్పు మీద పుట్టీ పూసి రంగు కొట్టారు. మళ్ళీ కోసి, వేరేచోట రేకు అతికించాల్సి వచ్చింది. పాఠకులు ఎవరైనా పాత కారు కొనబోతే జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకు వెళ్ళండి.

విడిభాగాల కోసం పుదుప్పేట వీధుల్లో ఎన్ని ఆదివారాలు తిరిగామో లెక్కలేదు. అక్కడ దొరకని బ్రేకు రబ్బర్లూ, గాస్కెట్లూ ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నాం. అక్కడ ఈ కారు సామాను చేసేవారు ఇప్పటికీ ఉన్నారు.

నొక్కు, పట్టుకో, వదులు

ఈ కారులో నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి ఒకటే ఆయిలు మార్గం. ఎక్కడ లీకైనా నాలుగూ పోతాయి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ లోపల తుప్పు పట్టిస్తుంది. అందుకే వాడినా వాడకపోయినా రెండేళ్ళకోసారి మార్చాలి.

తమ్ముడు మాస్టరు సిలిండరు విప్పి లోపలి రబ్బరు కప్పు నా చేతిలో పెట్టాడు. అంచు చిరిగి ఉంది. నాకు మాట రాలేదు. 1989లో ఆ రెండు వారాలూ నాన్నగారు "బ్రేకు మెత్తగా ఉందిరా, షాపుకు తీసుకెళ్ళు" అని నాతో చెబుతూనే ఉన్నారు. బి.కాం. చివరి పరీక్షలున్నాయని నేను రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను. ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తప్పంతా తనదే అన్నట్టు తాళాలు బీరువాలో పెట్టేశారు. నేనూ చెప్పలేదు.

బ్రేకుల్లో గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద చక్రం దగ్గర నిపిలు వదులు చేసి, గాలి బుడగలు వెళ్ళాక బిగించాలి. అప్పుడే పెడలు వదలాలి. మాస్టరు సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. నేను పైన కూర్చున్నాను, వాడు కింద పడుకున్నాడు. మొఖం కనపడదు గనుక ధైర్యం వచ్చి, ఆ సంగతి చెప్పేశాను.

కింద నుంచి కాసేపు చప్పుడు లేదు. తరువాత, "నాన్న నాకు ఆసుపత్రిలోనే చెప్పారు అన్నయ్యా. నీకు పరీక్షలు, నిన్నేమీ అనొద్దన్నారు. ఊఁ, నొక్కు" అన్నాడు.

నొక్కాను. "పట్టుకో." పట్టుకున్నాను. "వదులు." నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడలు రాయిలా గట్టిపడింది.

లెక్క చివర

పాయింట్ల మధ్య 15 థౌ, ప్లగ్గులకు 25 థౌ సందు పెట్టి, 2023 నవంబరులో స్టార్టు చేశాం. మూడోసారికి అందుకుంది. పెరడంతా పొగ, మా ఆవిడ ఆరేసిన బట్టలకు మసి.

ఖర్చు చెబుతాను, ఎవరూ మోసపోకూడదు గనుక. రేకు పని 78,000, రంగు 65,000, ఇంజను 62,000, సీట్లూ తలుపుల రబ్బర్లూ 31,000, బ్రేకులూ క్లచ్చీ 24,000, వైరింగు, బ్యాటరీ 19,000, టైర్లు 18,000. మొత్తం 2,97,000 రూపాయలు. ఇరవై నెలల ఆదివారాలు అదనం. పెట్టుబడిగా చూస్తే ఇలాంటి ప్రతిపాదనకు నేనెన్నడూ అప్పు మంజూరు చేసి ఉండను. డబ్బు తిరిగొస్తుందని ఎవరూ దిగొద్దు.

కాని మీలో ఎవరి పెరట్లోనైనా, హోసూరులో కానీ, బరంపురంలో కానీ, షోలాపూరులో కానీ, ఇలాంటిది ఉంటే తూకానికి వేసే ముందు ఒక్కసారి బానెట్టు ఎత్తి చూడండి. కాగితాలు వెతికి పెట్టండి. అన్నదమ్ములుంటే పిలవండి.

వీధి చివరిదాకా తీసుకెళ్ళడానికి అమ్మను పిలిచాం. ఎనభై రెండేళ్ళ ఆవిడ గుమ్మంలో నిలబడి, "బ్రేకు పడుతుందా?" అని అడిగింది.

"నేను చేశానమ్మా" అన్నాడు తమ్ముడు.

అమ్మ చెంగు సర్దుకుని ఎక్కి కూర్చుంది. వాడు ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు.