హిప్నాసిస్ కొందరికే ఎందుకు పట్టుబడుతుంది?

బి.వి. పట్టాభిరామ్ హిప్నాసిస్ ప్రదర్శనలు చూసిన తెలుగువారికి ఈ సందేహం కొత్త కాదు: ఒకే సూచనకు ఒకరు ఇట్టే లోబడతారు, పక్కనున్నవారు చలించరు. ఎందుకు?

అది మనోబలహీనత కాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 25 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించినా వ్యక్తుల గ్రహణశీలత పెద్దగా మారలేదని 1989లో తేలింది. కవలల అధ్యయనాలు వంశపారంపర్యాన్ని సూచించాయి. దాంతో డోపమైన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును రూపొందించే సీఓఎంటీ జన్యువుపై దృష్టి పడింది. ఈ జన్యువుకు నొప్పి తీవ్రతతోనూ సంబంధముంది. అందుకే, హిప్నాసిస్‌తో ఉపశమనం ఎవరికి దక్కవచ్చో లాలాజల పరీక్షతో ముందే గుర్తించే ప్రయత్నం 2023లో వెలువడింది.

అయినా అధ్యయనాల ఫలితాలన్నీ ఏకీభవించడం లేదు. పరీక్షలో అనుకూలమని తేలినంత మాత్రాన మత్తుమందు, నొప్పి మాత్రలు మానుకోరాదు.