బంతియాటలో దండనీతి

వినోదార్థమైన ఆటలో దండన యేల యని కొందరు శంకింపవచ్చును. 1980 ఆగష్టు 16వ తేదీన కలకత్తా ఈడెన్ గార్డెన్సులో జరిగినదానిని స్మరించినచో ఆ శంకకు తావుండదు. నాడు మోహన్‌బగాన్, ఈస్ట్‌బెంగాల్ జట్లు ఫుట్‌బాల్ ఆడుచుండగా ఆటగాండ్ర నడుమ పుట్టిన కలహము ప్రేక్షకులలోనికి ప్రాకెను. ఆ అల్లరిలో, త్రొక్కిడిలో 16 మంది మరణించిరి. మైదానమున రేగిన నిప్పును మైదానముననే యార్పవలెను. ఆ భారము రిఫరీది.

అతని చేత ఈల తప్ప వేఱాయుధము లేదు. ఆజ్ఞను పాటింపననువానిని అతడేమి చేయగలడు? 1962 ప్రపంచకప్పు పోటీలలో, శాంటియాగో నగరమున చిలీతో ఆడుచున్న ఇటలీ ఆటగాడు ఫెర్రీనీని ఆంగ్లేయ రిఫరీ కెన్ ఆస్టన్ వెడలగొట్టెను. అతడు కదలనందున పోలీసులు వచ్చి తరలింపవలసివచ్చెను. అదే ఆటలో పిడికిట గ్రుద్దిన చిలీ ఆటగాడు సాంచెజ్ మాత్రము తుదివఱకు మైదానముననే యుండెను. పోలీసుల రాకకంటె ఈ అసమానతయే న్యాయమునకు ఎక్కువ హాని చేసినదని మా యభిప్రాయము.

1966లో లండనునందు అర్జెంటీనా నాయకుడు రాటిన్‌ను జర్మను రిఫరీ వెడలగొట్టగా, ఒకరి భాష యొకరికి తెలియక ఆట చాలసేపు నిలిచిపోయెను. అప్పుడు రిఫరీలపై పర్యవేక్షకుడుగా నున్న ఆస్టన్, వీథికూడలిలోని దీపములను జూచి పసుపు, ఎఱుపు కార్డుల నూహించెను. 1970 మెక్సికో పోటీలనుండి అవి ప్రపంచకప్పున అమలులోనికి వచ్చినవి. భాష యెఱుగనివానికిని తీర్పు తెలియుట చిన్న సంస్కారము కాదు.

అయినను కార్డు జూపుటకు ముందు చేయవలసిన పని కష్టతరమైనది. పదిమంది కలియబడినపుడు నిపుణుడైన రిఫరీ ఆ గుంపులో దూరడు. ఈల యూది, కొంత యెడముగా నిలిచి, మొదట కొట్టినదెవడు, మరల కొట్టినదెవడు, దూరమునుండి పరుగెత్తివచ్చినదెవడు అని గుర్తించును. సహాయకులిద్దఱు వేఱు దిక్కులనుండి చూతురు. నాల్గవ అధికారి గీటు వెలుపల ఇరుజట్ల ఆసనముల నడుమ కావలియుండును. 2006లో బెర్లినులో జరిగిన తుది పోటీలో జిదాన్ తలతో మటెరాజీ రొమ్మున గ్రుమ్ముట రిఫరీ ఎలిజోండో కంటబడలేదు. నాల్గవ అధికారి తెలుపగా జిదాన్‌ను వెడలగొట్టెను. తోటివాని సాక్ష్యమును గ్రహించుట లోపము కాదు. నేరస్థుని వదలి నిరపరాధిని దండించుటయే లోపము. 2014లో లండనునందు చెల్సీ, ఆర్సెనల్ ఆటలో చేతితో బంతి నాపినది ఆక్స్‌లేడ్‌ఛాంబర్లెయిన్ కాగా, వెడలగొట్టబడినది గిబ్స్. ఇట్టి పొరపాటును చిత్రములను జూచి దిద్దుకొనుటకు 2018నుండి నిబంధనలలో అవకాశము కల్పించిరి.

2019లో మఱియొక మార్పు వచ్చెను. జట్టు శిక్షకులకును కార్డులు చూపవచ్చును. గీటు వెలుపల తప్పు చేసినవాడెవడో తెలియరానిచో, అచ్చటనున్న ప్రధాన శిక్షకుడే ఆ దండన ననుభవింపవలెను. నిరపరాధిని దండింపరాదనిన మేమే దీని నెట్లు మెచ్చుకొందుమని పాఠకులడుగవచ్చును. ఆటగాడు తన కాలికి, చేతికి మాత్రమే బాధ్యుడు. పెద్దపీట నెక్కినవాడు తన వెనుకనున్నవారి నడతకును బాధ్యుడు. వారిని అదుపులో నుంచలేనిచో ఆ పీట అతనికేల?

ఎఱ్ఱకార్డు పొందినవాడు మైదానపు పరిసరములను సైతము విడిచిపోవలెను. అతనికి బదులు వేఱొకడు రాడు. జట్టులో ఏడుగురికంటె తక్కువయైనచో ఆట సాగదు. నిబంధనలింత స్పష్టముగ నున్నను, వానిని నిలుపునది పెద్దల నడవడియే. మన పట్టణములందు పోటీలు జరిపించి బహుమతులొసగెడి పెద్దలకు మేము విన్నవించునది యిదియే. తమ యూరి కుఱ్ఱవానిని వెడలగొట్టిననాడు మైదానములోనికి దుమికి రిఫరీని చుట్టుముట్టకుడు. అభ్యంతరమున్నచో ఆట ముగిసిన పిదప నిర్వాహకులకు వ్రాసియిండు. తీర్పు తప్పని తోచినను, ఆ కుఱ్ఱవాని భుజముపై చేయివైచి తామే వెలుపలికి తోడ్కొని వచ్చినచో, చూచుచున్న వేలమంది తమ యాసనములనుండి లేవరు.