మీకు తెలుసా? తాళం తీసిన తొలివారం

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివార్లలోని ఆర్.ఆర్. వెంకటాపురం జనం ఊపిరాడక నిద్రలేచారు. ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి పాకింది. 12 మంది చనిపోయారు. కోవిడ్ లాక్‌డౌన్ పెట్టి అప్పటికి నెలన్నర. సడలింపులు రావడంతో ఫ్యాక్టరీని మళ్లీ నడిపేందుకు సిద్ధమవుతున్నారు. ఆ రోజుల్లో అందరి భయమూ పక్కవాడి తుమ్ము మీదే. ఇక్కడ ప్రాణాలు తీసింది మాత్రం వాడకుండా నిలవబెట్టిన ట్యాంకు.

స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, కలియబెడుతూ ఉండాలి, టీబీసీ అనే రసాయనం తగినంత ఉండేలా చూసుకోవాలి. లేదంటే అది తనంతట తానే పాలిమర్‌గా మారడం మొదలెడుతుంది. మారేకొద్దీ వేడి, వేడెక్కేకొద్దీ ఇంకా వేగం. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చూసేసరికి, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ట్యాంకు అడుగున ఉంది. పైన ద్రవం కాగిపోతున్నా అడుగున మాత్రం చల్లగానే కనిపించింది. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రమే కట్టేసేవారు. సైరన్ కూడా మోగలేదు.

రెండు రోజుల్లోనే, మే 9న, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఫ్యాక్టరీల కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. తెరిచిన మొదటి వారాన్ని ట్రయల్ రన్‌గానే చూడాలట, భారీ ఉత్పత్తి లక్ష్యాలు పెట్టుకోకూడదట. వింత వాసన, కొత్త చప్పుడు, అదురు, పొగ, బయటికి తేలిన వైరు... ఇవి కనిపెట్టడం కార్మికులకు నేర్పాలని కూడా ఉంది. ఆగిపోయిన ఆర్డర్లన్నీ ఆ వారంలోనే తీర్చేయాలని చూసే యజమానికి ఇది మింగుడుపడే మాట కాదనుకోండి.

ఆఫీసులో అలాంటి ట్యాంకులేవీ ఉండవుగా అంటారా? మేడ మీద నీళ్ల ట్యాంకు ఉందిగా. నీళ్లు వారాల తరబడి కదలకపోతే అందులోని క్లోరిన్ తగ్గిపోతుంది. 25-45 డిగ్రీల మధ్య లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. మన ఎండలకి ట్యాంకులో ఆ వేడి ఇట్టే వచ్చేస్తుంది. షవర్, కూలింగ్ టవర్ వంటి వాటి నుంచి వచ్చే తుంపరను పీలిస్తే న్యుమోనియా తెస్తుంది. 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో మాజీ సైనికుల సమావేశం తర్వాతే ఈ జబ్బు వైద్యులకు తెలిసింది. కాబట్టి మూసిన భవనం తెరిచేటప్పుడు ట్యాంకు కడిగించి, ప్రతి కుళాయీ తిప్పి పాత నీళ్లన్నీ పోనివ్వాలి. ఆర్నెల్లుగా ఎవరూ వాడని నాలుగో అంతస్తు బాత్రూమ్‌తో సహా.

ఇక తెరిచాక జనం ఒక్కసారే గుమిగూడకుండా ఆఫీసు వేళల్ని తలో గంటకు మార్చడం కోవిడ్ కాలపు ఆలోచన కాదు. 1918 అక్టోబరులో ఇన్‌ఫ్లుయెంజా విరుచుకుపడినప్పుడు న్యూయార్క్ ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్లండ్ దుకాణాలకూ ఆఫీసులకూ థియేటర్లకూ వేర్వేరు వేళలు పెట్టాడు. సబ్‌వే రైళ్లలో కిక్కిరిసే జనాన్ని పలచబరచడమే ఉద్దేశం.

కోవిడ్ కాలంలో గేటు దగ్గర మందు చల్లే టన్నెళ్లు గుర్తున్నాయా? మనుషుల మీద అలా చల్లొద్దని 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. వైరస్ ఉన్నది ఒంటి లోపల. చొక్కా తడిపితే ఏం లాభం?

అదే ఏడాది మార్చిలో సియోల్‌లో 19 అంతస్తుల భవనంలోని ఒక కాల్‌సెంటర్‌లో కోవిడ్ బయటపడింది. 11వ అంతస్తులో పనిచేసే 216 మందిలో 94 మందికి సోకింది, వాళ్లలో ఎక్కువమంది హాలుకు ఒకే వైపు కూర్చునేవాళ్లు. భవనం మొత్తంలో తేలిన కేసులు 97. అంటే అవే లిఫ్టులు, అదే లాబీ వాడుకున్న మిగతా అంతస్తులన్నిటిలో కలిపి ముగ్గురే. లిఫ్టు బటన్లు తుడవడం మానమని కాదు గానీ, ముందు కుర్చీలు దూరం జరిపించి, గాలి ఆడేలా ఏళ్లుగా తెరవని కిటికీ బోల్టు ఊడదీయించండి.