6174: షరతులు కలిస్తేనే సూత్రం

మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో స్కూలు టీచరు డి.ఆర్. కాప్రేకర్ 1949లో ఓ వింత బయటపెట్టారు. నాలుగంకెల సంఖ్యలోని అంకెలను అవరోహణ, ఆరోహణ క్రమాల్లో పేర్చి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి. వచ్చినదానితో మళ్లీ అదే చేయాలి. 3524 తీసుకుంటే: 5432-2345=3087; 8730-0378=8352; 8532-2358=6174. ఇక అక్కడే ఆగిపోతుంది.

అన్ని సంఖ్యలకూ ఇంతేనా? కాదు. 1111కు మొదట్లోనే సున్నా వస్తుంది. 2111కు 999 వస్తుంది. దాన్ని 0999గా రాయకపోతే అదీ సున్నాకే చేరుతుంది. అందుకే రెండు షరతులు: అంకెలన్నీ ఒకటే కాకూడదు, ముందున్న సున్నాను వదలకూడదు. అప్పుడు ఏ సంఖ్యయినా ఏడు మెట్లలోపే 6174కు చేరుతుంది.

మూడంకెలకైతే గమ్యం 495. రెండంకెలకు గమ్యమే లేదు. 09, 81, 63, 27, 45 మధ్య తిరుగుతూనే ఉంటుంది. సరదా లెక్కను గణితంగా మార్చింది ఈ మినహాయింపుల వెతుకులాటే.