ఎరుగనివారి తీర్పు

అమెరికా పౌరసత్వమును స్వీకరించిన మనవారిలో పెక్కండ్రు ఓటుహక్కును గూర్చి సగర్వముగా చెప్పుకొందురు గాని, జ్యూరీ సేవ ప్రసక్తి రాగానే, దానినుండి తప్పించుకొను ఉపాయములను ఒకరికొకరు ఉపదేశించుకొనుట పలుమారు వింటిని. కౌంటీ న్యాయస్థానమునుండి నా పేర సమన్లు వచ్చినప్పుడు సైతము అట్టి హితవులు కొల్లలుగా లభించెను. 18 ఏండ్లు నిండిన పౌరులకు సాధారణముగా అట్టి కవరు రాగలదు గనుక, అచ్చట నేను తలపోసినది మీకు కొంత చెప్పెదను.

నిరీక్షణశాలలోని విసుగును వర్ణింపబూనను. లోపలికి పిలిచిన పిదప న్యాయమూర్తియు ఉభయపక్షముల వకీళ్లును మమ్ము ప్రశ్నించిరి: నిందితుని గాని సాక్షులను గాని ఎరుగుదురా, మీ ఇంట ఎవరైనను ఇట్టి నేరమునకు గురియైరా, పోలీసు ఉద్యోగి సాక్ష్యమును, అతడు పోలీసు అయినంతమాత్రమున, ఇతరుల మాటకంటె అధికముగా విశ్వసింతురా? ఎరుగుదుమన్నవారిని మర్యాదతో పంపివేసిరి. నన్ను ఒక వకీలు ఏ కారణమును చెప్పకయే తొలగించెను. ఇట్లు కొందరిని తొలగించుటకు చట్టము ఇరుపక్షములకును అవకాశమొసగినది. అయితే జాతిని బట్టి అట్లు తొలగింపరాదని 1986లో బాట్సన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది.

మన పల్లెల రచ్చబండపై తగవు తీర్చిన పెద్దలకు వాదిప్రతివాదుల మూడు తరముల చరిత్ర కంఠస్థమై యుండెడిది. ఎవని తాత ఎవని పొలముగట్టును జరిపెనో తెలిసియుండుటయే వారి అర్హత. ఇచ్చట తెలియకపోవుటయే అర్హత! మొదట నాకిది వింతగా తోచెను గాని, ఆ బండపై ఊరిచివరి వాడలవారికి గాని స్త్రీలకు గాని చోటెన్నడైనను ఉండెనా యని తలచినంతనే, నా ఆశ్చర్యము సగము తగ్గెను. ఈ దేశమును ఆ దోషమునకు అతీతము కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున భారతీయులు పౌరసత్వమును స్వీకరించుటకు అర్హులు కారని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, 1946లో లూస్–సెల్లర్ శాసనము వచ్చువరకు జ్యూరీ పన్నెండు ఆసనములలో మనవాడొకడు కూర్చుండుట దుర్లభమై యుండెను.

ఆ ఆసనములకు గల స్వాతంత్ర్యము ఊరక వచ్చినది కాదు. 1670లో లండను వీథిలో మతోపన్యాసము చేసినందుకు విచారింపబడిన విలియం పెన్‌ను, తరువాత పెన్సిల్వేనియాను స్థాపించిన ఆ పెన్‌నే, దోషిగా ప్రకటింపుమని న్యాయాధిపతులు జ్యూరీని నిర్బంధించిరి. అన్నపానీయములు లేక బంధించినను వారు లొంగరైరి. అందులకై విధించిన జుల్మానాను చెల్లింప నిరాకరించి చెరసాలకేగిన బుషెల్ అను జ్యూరరు పక్షమున ప్రధాన న్యాయమూర్తి వాహన్, తీర్పు నిమిత్తము జ్యూరరును శిక్షింపరాదని సిద్ధాంతీకరించెను.

మన భారతదేశమున జ్యూరీ కథ వేరొకరీతిగా ముగిసినది. 1959లో నౌకాదళాధికారి నానావతిపై వచ్చిన హత్యాభియోగమును విచారించిన బొంబాయి జ్యూరీ, ఎనిమిదిమంది ఒకవైపును ఒక్కరు వేరొకవైపునుగా, ఆయనను నిర్దోషి యన్నది. న్యాయమూర్తి దానికి సమ్మతింపక హైకోర్టుకు నివేదింపగా, ఆ న్యాయస్థానము శిక్ష విధించెను. పత్రికలలో చెలరేగిన సానుభూతి జ్యూరీ చెవి సోకలేదనుట కష్టము. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో జ్యూరీకి చోటే లేదు. కేసును గూర్చి ఫోనులో వెదకరాదనియు, ఇంట సైతము చర్చింపరాదనియు ఇచ్చటి న్యాయమూర్తులు జ్యూరర్లను ఏల అంతగా హెచ్చరింతురో ఆ పత్రికల ప్రభావమునుబట్టి గ్రహింపవచ్చును. వినిన క్షణముననే తీర్పు చెప్పుట మన వాట్సాప్ బృందములకు అలవాటైన విద్య. చివరి సాక్షి దిగువరకు మనస్సును ఎటును మొగ్గనీయకుండుట నాకంటె మీకు సులభమగునో కాదో చెప్పలేను.

మీలో విద్యార్థులకు పరీక్షల కాలమున సమన్లు వచ్చినచో వాయిదా కోరుటకు సాధారణముగా వీలు కలదు. సెలవులలో ఒక తేదీని అడుగుడు. భత్యము స్వల్పమే: ఫెడరల్ న్యాయస్థానములలో దినమునకు 50 డాలర్లు, చాల కౌంటీలలో అంతకంటెను తక్కువ. లావుపాటి పుస్తకమొకటి వెంట గొనిపొండు.