చిలకను పెంచాలనుకుంటున్నారా?



చిలకా గోరింకల్లా ఉండమని కొత్త దంపతుల్ని దీవిస్తాం. పసిపిల్ల ముద్దుమాటలాడితే చిలకపలుకులని మురిసిపోతాం. మధుర మీనాక్షమ్మ చేతిలోనూ చిలకే, ఆండాళమ్మ చేతిలోనూ చిలకే. అలాంటి పిట్ట మనింట్లోనూ ఉంటే బాగుండునని అనిపించడం సహజమే. కాని పంజరం కొనేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది చట్టం. మన చెట్లమీద వాలే రామచిలకని ఇంట్లో పెంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం అన్నీ నేరాలే. సంతలో అమ్మే పిల్లచిలక, రెక్కలైనా రాకముందే ఏ చెట్టుతొర్రలోంచో లాక్కొచ్చినది సుమండీ! ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, పాపమని తలుపు తీసి వదిలేయకండి. చేతిమేత మరిగిన చిలకకి మేత వెతుక్కోవడం రాదు. కాకులూ పిల్లులూ బతకనివ్వవు. అటవీశాఖవారికి అప్పగించడమే దారి.

మరి పెంచుకోదగినవి ఏవంటారా? మనం ‘లవ్ బర్డ్స్’ అని పిలుచుకునే చిన్న రంగుచిలకలు. వీటి అసలు పేరు బడ్జెరిగార్, పుట్టిల్లు ఆస్ట్రేలియా. తలమీద తురాయితో ఉండే కాకటీల్ కూడా ఆ దేశానిదే. బడ్జెరిగార్ అయిదు నుంచి పదేళ్లు, కాకటీల్ పదిహేనేళ్ల పైన కూడా బతుకుతాయి. అంటే ఒకటో తరగతి పిల్లాడు మారాం చేసి కొనిపించుకున్న పిట్ట, వాడు కాలేజీకెళ్లే నాటికీ ఉండవచ్చు. అప్పుడు మేతా నీళ్లూ చూసేదెవరో మీకు తెలుసు కదూ?

పంజరానికి ఎత్తుకన్నా పొడవు ముఖ్యం. పిట్ట ఎగిరేది అటూ ఇటూ గాని నిట్టనిలువుగా కాదు. జంటకి కనీసం రెండడుగుల పొడవుండాలి; ఊచల సందు అరంగుళం మించకూడదు. నున్నటి కర్రకి బదులు లావూ సన్నమూ కలిసిన జామకొమ్మలు కట్టండి. కాళ్లు పుండ్లు పడవు.

పంజరం వంటింట్లో మాత్రం పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం పొయ్యిమీద మరిచిపోతే, అది మాడి వచ్చే ఆవిరికి పిట్ట నిమిషాల్లో ప్రాణం విడుస్తుంది. పోపు ఘాటు, అగరుబత్తి, దోమల కాయిల్ పొగ కూడా దానికి పడవు. బయటికి వదిలినప్పుడు ఫ్యాను ఆపి, కిటికీలు మూయండి.

ఇక తిండి. కొర్రలు, సామలు, సజ్జలు మంచివే గాని గింజలొక్కటే పెడితే ఎ విటమిన్ లోపిస్తుంది, కొవ్వు చేరుతుంది. రోజూ కొత్తిమీర, మెంతికూర, మునగాకు, క్యారట్ తురుము కొద్దిగా పెట్టండి. పచ్చిమిరపకాయ పెట్టినా భయం లేదు. పక్షి నాలుకకి కారం తెలియదు. మనవాళ్లు ముద్దుగా పెట్టే పాలన్నం మాత్రం వద్దు, పాలు పిట్టలకి అరగవు. ఉప్పూకారాల అన్నం, కాఫీ, చాక్లెట్ అసలే కూడదు. అవకాడో పండు దానికి విషం.

రాత్రి పది పన్నెండు గంటల నిద్ర కావాలి. టీవీ ఉన్న గదిలో అది కుదరదు. గుంపుగా బతికే జాతి కనుక ఒంటరిగా వదిలేస్తే దిగులుతో తన ఈకలు తానే పీక్కుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. చిలక జబ్బుని దాచుకుంటుంది. అడవిలో నీరసం కనబడితే శత్రువు పట్టుకుపోతుంది గదా, ఆ గుణం పంజరంలోనూ పోదు. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరికోసారి తోక ఊగినా, రెట్ట రంగు మారినా రేపు చూద్దామనుకోకండి; వెంటనే పశువైద్యుడికి చూపించండి. వారానికోసారి వంటింటి చిన్న త్రాసుమీద తూచండి. బడ్జెరిగార్ బరువు సుమారు 30, 40 గ్రాములే. మూడు నాలుగు గ్రాములు తగ్గితే అది ప్రమాద సూచన.

రెట్టల దుమ్ము పీలిస్తే మనకీ ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. అందుకని పంజరంలోని కాగితం రోజూ మార్చి, తడిగుడ్డతో తుడిచి, సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇంత ఓపిక ఉంటేనే పిట్టని తెచ్చుకోండి. లేదంటే పెరట్లోనో, మేడమీద కుండీలోనో జామమొక్క వేయండి. కాయలు పండేనాటికి రామచిలకలే మీ ఇల్లు వెతుక్కుంటూ రావచ్చు. వాటికి పంజరం అక్కర్లేదు.